వెనక వేలు లేని రెండు పక్షులు: మెట్ట భూముల మీద నిర్ణయాలు తీసుకునే అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ, రెవెన్యూ, నీటిపారుదల శాఖల అధికారులకు, వన్యప్రాణి మండలి సభ్యులకు,

నమస్కారం. ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. మాది నంద్యాల జిల్లాలో వానను నమ్ముకొని జొన్న, కొర్ర, శనగ పండించుకునే మెట్ట గ్రామం. మెట్ట ప్రాంతపు గడ్డినేలలను, పొదనేలలను బంజరుగా చూసి అక్కడ మొక్కలు నాటవద్దని ఇంతకుముందు మూడు అర్జీలు ఇచ్చాను. మొదటి రెండింటికి జవాబు రాలేదు. మూడోది పట్టుకొని స్వయంగా వెళ్లినప్పుడు ఒక కార్యాలయంలో నోటిమాటగా చెప్పిన సమాధానం ఇది: "అది బంజరండీ. బంజరులో మొక్కలు నాటితే తప్పేముంది?" ఆ మాట అన్న ఉద్యోగి మీద నాకు కోపం లేదు. ఆయన ముందున్న రిజిస్టరులో అలాగే రాసి ఉంది. ఆ రాతనే మార్చమని అడగడానికి ఇప్పుడు అందరికీ తెలిసేలా రాస్తున్నాను.

మా ఊరి పడమట పశువుల బీడు ఒకటుంది. తొలకరి పడిన పదిహేను రోజులకు అక్కడ గడ్డి చీలమండ ఎత్తు లేస్తుంది, కార్తీకానికి మోకాలి దాకా వచ్చి పండి ఎర్రబారుతుంది. రెండేళ్ల కిందట పొక్లెయిన్ వచ్చి దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి వరుస కందకాలుగా తవ్వింది. కందకాల గట్ల మీద మొక్కలు నాటారు. మొదటి ఎండాకాలానికే మొక్కల్లో చాలా భాగం ఎండిపోయాయి, కందకాలు మిగిలాయి. తవ్విన మట్టిలో గడ్డికి బదులు సర్కారు కంప మొలిచింది. ఇప్పుడు గొర్రెలు అందులోకి పోవు. పోతే కాళ్లకు ముళ్లు దిగి కుంటుతూ తిరిగి వస్తాయి. ఈ పనికి పెట్టిన పేరు బంజరు భూమి అభివృద్ధి.

ఇలాంటి నేలల మీదే బతికిన రెండు పక్షులు మన రాష్ట్రానికి ఉన్నాయి. ఒకటి బట్టమేక పిట్ట, రెండోది కలివికోడి. అవి ఒకదానికొకటి ఏమవుతాయో, ఏం కావో ముందుగా చెప్పాలి. ఎందుకంటే వాటిని కాపాడే విషయంలో మనం చేస్తున్న తప్పు వర్గీకరణలోనే ఉంది.

పేరులో మేక ఉన్న పక్షి మేక కాదు, పేరులో కోడి ఉన్న పక్షి కోడీ కాదు. బట్టమేక పిట్ట శాస్త్రీయ నామం ఆర్డియోటిస్ నైగ్రిసెప్స్. మీటరు ఎత్తున నిలబడుతుంది, మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది, ఎగరగలిగిన పక్షుల్లో అత్యంత బరువైనవాటిలో ఒకటి. చాలాకాలం దీని కుటుంబాన్ని కొంగజాతి పక్షులైన క్రౌంచాల క్రమంలో ఉంచారు. మేము చదువుకున్న పుస్తకాల్లో అలాగే ఉండేది, నేనూ పిల్లలకు అలాగే చెప్పాను. తరువాత జన్యువుల ఆధారంగా దాన్ని ఆ క్రమం నుంచి తీసి, ఓటిడిఫార్మిస్ అనే సొంత క్రమంలో పెట్టారు. 2014లో వెలువడిన జన్యుక్రమాల అధ్యయనం బట్టమేకల వంశాన్ని కోకిలల వంశానికి దగ్గరగా చూపింది.

కలివికోడి శాస్త్రీయ నామం రైనోప్టైలస్ బైటార్క్వేటస్. రెండు హారాలు గలది అని ఆ రెండో మాటకు అర్థం. రొమ్ము మీద ఉన్న రెండు పట్టీలను చూసి పెట్టిన పేరు. పొడవు జానెడుకు కాస్త ఎక్కువ, సుమారు 27 సెంటీమీటర్లు. పగలంతా పొదల కింద కదలకుండా ఉండి, పొద్దు వాలాక పెద్ద కళ్లతో చీకట్లో తిరుగుతూ చెదలు, చీమల వంటి పురుగులను ఏరుకొని తింటుంది. దీని క్రమం కరాడ్రిఫార్మిస్. అంటే చెరువు గట్ల మీద అరిచే తీతువు పిట్ట, సముద్రం ఒడ్డున ఎగిరే సీగల్ పక్షి దీని చుట్టాలు. నీటి ఊసే లేని కడప జిల్లా లంకమల ముళ్లపొదల్లో తిరిగే పక్షికి బంధువులు కడలి అంచున ఉన్నారని చెప్పినప్పుడు నా తరగతిలో పిల్లలు నమ్మేవారు కాదు.

ఈ రెండు వంశాలు విడిపోయి కోట్ల ఏళ్లు గడిచాయి. బట్టమేకకు కలివికోడి కన్నా కోకిల దగ్గర చుట్టం కావచ్చు, కలివికోడికి బట్టమేక కన్నా సముద్రపు పక్షి దగ్గర. అయినా రెండింటి పాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక ఉంది. రెండింటికీ ముందుకు తిరిగిన మూడు వేళ్లే ఉంటాయి, వెనక వేలు ఉండదు. కొమ్మను చుట్టి పట్టుకోవడానికి పక్షికి పనికొచ్చేది ఆ వెనక వేలే. నేల మీద నడుస్తూ, పరిగెడుతూ తరతరాలు బతికిన కాలికి దాని అవసరం తీరిపోయింది. చుట్టరికం వల్ల కాక, బతికిన నేల వల్ల వచ్చిన పోలిక ఇది. కొమ్మ మీద వాలలేని, గుడ్డును నేల మీదే పెట్టే పక్షి ఉన్న చోట చెట్లు నాటితే దానికి గూడు కట్టినట్టు కాదు. దాని ఇల్లు పీకినట్టు. నా మూడు అర్జీల్లోనూ నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇప్పుడు రక్షణ సంగతి. కాగితం మీద ఈ రెండు పక్షులూ సమానం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో రెండూ ఉన్నాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్రజాబితాలో రెండూ తీవ్ర ప్రమాదపు అంచున ఉన్న జాతులే. కేంద్రం ఎంపిక చేసిన జాతుల పునరుద్ధరణ కార్యక్రమంలోనూ రెండింటి పేర్లున్నాయి. రెండింటి కోసం 1988లోనే మన రాష్ట్రంలో అభయారణ్యాలు వచ్చాయి. బట్టమేకకు మా నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు, కలివికోడికి లంకమలలోని శ్రీలంకమల్లేశ్వర. నేల మీదికి దిగితే ఆ సమానత్వం కనబడదు. ఎందుకు కనబడదో ఒక్కొక్క పక్షి కథ చెబితేనే తెలుస్తుంది.

కలివికోడిని 1848 ప్రాంతంలో జెర్డన్ అనే వైద్యుడు మన ప్రాంతపు పక్షిగా లోకానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించిన తరువాత మళ్లీ ఎవరికీ కంటపడలేదు. అంతరించిపోయిందని అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారి వెతుకులాటలో, రాత్రిపూట వెలుతురు వేసి పిట్టలు పట్టే స్థానికుడి చేతికి అది చిక్కింది. 86 ఏళ్ల తరువాత దాన్ని లోకానికి తిరిగి చూపించింది పొదల నేలను అరచేయిలా ఎరిగిన ఒక పల్లెటూరి మనిషి. 2005లో తెలుగుగంగ కాలువ కోసం యంత్రాలు దాని ఆవాసాన్నే తవ్వాయి. పరిశోధకులు ఆ సంగతి బయటపెట్టారు, విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది, కాలువ దారి మార్చారు, పక్షి కోసం ప్రభుత్వం సుమారు 3,000 ఎకరాలు అదనంగా సేకరించింది. ఒక పక్షి కోసం కాలువను పక్కకు జరిపిన రాష్ట్రం మనది. ఈ మాట నేను గర్వంగా రాస్తున్నాను. ఆ పని చేయగలిగిన యంత్రాంగం మిగతా పనీ చేయగలదన్న నమ్మకంతోనే ఈ లేఖ.

ఆ తరువాత దాదాపు దశాబ్దంన్నర పాటు ధ్రువపడిన జాడ లేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు మన రాష్ట్రంలోనే దాని కూతను మళ్లీ రికార్డు చేశారు. సందెవేళ కొద్ది నిమిషాల పాటు మాత్రమే వినిపించే రెండు స్వరాల కూత అది. దీని గూటిని శాస్త్రవేత్తలెవరూ ఇంతవరకు వర్ణించలేదు. దీనిదేనని తేలిన గుడ్డు ఒకటి 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో సేకరించినది. అది స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియంలో పడి ఉండగా 2013లో గుర్తించారు.

బట్టమేకది మరో తీరు. అది పగటి పక్షి, దూరం నుంచే కనిపిస్తుంది, మగది గొంతు సంచి ఊది గంభీరంగా కూస్తుంది. ఒకప్పుడు పదకొండు రాష్ట్రాల్లో ఉండేది. 1969లో దేశం మొత్తం మీద సుమారు 1,260 ఉంటాయని అంచనా వేశారు. 2018 నాటికి ఆ అంచనా 150కి దిగింది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారిలో ఉన్నాయి. అది ఆ రాష్ట్ర పక్షి కూడా. అక్కడ జైసల్మేర్ జిల్లాలో సంరక్షణ కేంద్రాలు పెట్టి గుడ్లు పొదిగిస్తున్నారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణ ద్వారా పిల్ల పుట్టింది. కరెంటు తీగలకు తగిలి చనిపోతున్నాయని సుప్రీంకోర్టు 2021లో తీగల విషయమై ఆదేశాలిచ్చింది, 2024లో వాటిని సవరించి నిపుణుల కమిటీ వేసింది. మన రోళ్లపాడులో మాత్రం 1980ల్లో పదుల సంఖ్యలో కనిపించిన పక్షి ఇప్పుడు నిలకడగా కనిపించడం మానేసి ఏళ్లయింది. అభయారణ్యం విస్తీర్ణం 614 హెక్టార్లు, అంటే సుమారు 1,500 ఎకరాలు. ఇంత పెద్ద పక్షికి అది నిలబడే చోటు మాత్రమే. తిరిగే చోటు చుట్టూ ఉన్న మెట్ట చేలు. శ్రీశైలం కుడి కాలువ, అలగనూరు జలాశయం వచ్చాక ఆ చేలలో వానపంటలు తగ్గి నీటిపంటలు పెరిగాయి. రైతుకు నీరు వద్దని ఎవరూ అనలేరు, నేనూ అనను. కానీ నీరు వస్తే పక్షి తిరిగే చేను పోతుందని ముందే తెలిసినప్పుడు, దానికి బదులు ఏ నేల ఇస్తామని ఎవరూ ఆలోచించలేదు.

ఒక్క షెడ్యూలు, ఒక్క ఎర్రజాబితా స్థాయి చూసి రెండింటికీ ఒకే మందు రాయడం ఎందుకు తప్పో ఇక్కడ తేటపడుతుంది. బట్టమేకకు కావలసింది విశాలంగా కనుచూపు సాగే గడ్డినేల, పురుగుమందు తక్కువ పడే వానపంట, తీగలు లేని ఆకాశం. కలివికోడికి కావలసింది పలుచగా పొదలున్న నేల. రెండు మీటర్లకు మించి ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుంచి 700 మధ్య ఉన్న చోట అది ఎక్కువగా తిరుగుతుందని పరిశోధకులు తేల్చారు. అంతకన్నా పలుచబడితే దానికి చాటు ఉండదు, మరీ చిక్కబడితే నడవడానికి సందు ఉండదు. మంద మితంగా మేసి, ఊరివాళ్లు మితంగా కట్టెలు కొట్టుకుంటేనే పొద ఆ మేరకు ఉంటుంది. కంచె వేసి అందరినీ బయటికి పంపితే పొదలు కమ్ముకుంటాయి, అందరినీ విచ్చలవిడిగా వదిలితే పొదే మిగలదు. బట్టమేకను పగలు కంటితో లెక్కపెట్టవచ్చు. కలివికోడి కోసం దారి పక్కన మెత్తని మట్టిని జల్లెడ పట్టి పరిచి, తెల్లవారి వెళ్లి ఆ మట్టిలో మూడు వేళ్ల అడుగుల కోసం మోకాళ్ల మీద వంగి వెతకాలి. ఒక పక్షికి చేసే పని ఇంకొకదానికి పనికిరాదు. ఒకే పథకం కింద, ఒకే ఫారంలో, ఒకే శీర్షికన ఈ రెండింటినీ చూపిస్తే ఏ ఒక్కదానికీ న్యాయం జరగదు.

వర్గీకరణలో విడిగా ఉంచవలసిన వీటిని కలిపేశాం. కలిపి చూడవలసిన చోట మాత్రం కలపలేదు. రెండూ బతికిన నేలకు ప్రభుత్వ లెక్కల్లో సొంత పేరే లేదు. కేంద్ర భూవనరుల విభాగం, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి తయారుచేసే బంజరు భూముల అట్లాసులో 23 రకాల బంజర్లున్నాయి. దట్టమైన పొదనేల, పలుచని పొదనేల, క్షీణించిన మేతభూమి అన్నీ అందులోనే. అడవుల సర్వే చూస్తే, చెట్ల నీడ 10 శాతానికి లోపున్న పొదనేల అడవి విస్తీర్ణం లెక్కలోకి రాదు. గ్రామ రికార్డుకు వస్తే అది పోరంబోకు, గయాలు, బీడు. పక్షికి మొదటి షెడ్యూలు, అది నిలబడిన నేలకు బంజరు అనే ముద్ర. పక్షిని చంపితే జైలు, పక్షి నేలను తవ్వితే అభివృద్ధి. ఈ రెండు రాతలు పక్కపక్కన ఉన్నంతకాలం ఏ అభయారణ్యమూ వాటిని కాపాడలేదు.

దీని వల్ల మనుషులకు ఏం జరుగుతోందో ఇప్పుడు చెబుతాను. నేను పక్షుల కోసమే మాట్లాడుతున్నానని కొందరికి అనిపించవచ్చు. పక్షి పోయిన ప్రతిచోటా దానితో పాటు ఎవరిదో జీవనం పోయింది.

1. గొర్రెల కాపరులు. బీడు తవ్వితే ముందుగా నష్టపోయేది వారే. మా ఊరి బీడు పోయాక మందలు వేసవి రాకముందే, మాఘమాసంలోనే నల్లమల అంచులకు, నదుల లంకలకు తోలుకుపోవలసి వస్తోంది. ఇంటిల్లిపాదీ వెళ్లలేక పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి వెళ్తున్నారు. దారి పొడవునా చేను యజమానులతో గొడవలు, అటవీ సిబ్బందితో జరిమానాలు. కొందరు సగం మంద అమ్మేశారు. రికార్డులో ఆ భూమికి పంట లేదు కాబట్టి నష్టమూ లేదని రాస్తారు. కాపరికి గడ్డే పంట అన్న సంగతి ఏ కాలమ్‌లోనూ లేదు.

2. అభయారణ్యాల అంచున ఉన్న రైతులు. రోళ్లపాడులో బట్టమేక కోసం కంచె వేస్తే కృష్ణజింకలు పెరిగాయి. అవి మన రాష్ట్ర జంతువు, వాటికీ మొదటి షెడ్యూలు రక్షణ ఉంది, వాటిని కొట్టమని ఎవరూ అనరు. కానీ అవి మొలక మీదున్న శనగను ఒక్క రాత్రిలో గొరిగేస్తాయి. రైతు తెల్లవార్లూ మంచె మీద డబ్బా కొడుతూ కూర్చుంటాడు. పరిహారానికి దరఖాస్తు పెడితే పంచనామా ఎప్పుడో, డబ్బు ఎప్పుడో. పక్షి పేరు చెప్పి అభయారణ్యం వచ్చింది, పక్షి కనబడటం లేదు, జింకల నష్టం మాత్రం ఏటా ఉంది. ఇక ఆ పక్షి మీద రైతుకు ప్రేమ ఎక్కడి నుంచి వస్తుంది? మధ్యప్రదేశ్‌లోని కరేరాలో ఇదే జరిగింది. 1981లో బట్టమేక కోసం రైతుల సొంత భూములను కూడా కలిపి అభయారణ్యం ప్రకటించారు, ఆ భూములు అమ్ముకోవడానికి వీల్లేకపోయింది. 1990ల్లో పక్షి కనుమరుగైంది, ఆంక్షలు ఆ తరువాతా ఏళ్ల తరబడి రైతుల నెత్తిన ఉన్నాయి.

3. లంకమల చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. వంటచెరకు, కలివి పండ్లు, రేగు పండ్లు, చీపురు పుల్లలు ఆ పొదనేలల నుంచే తెచ్చుకుంటారు. పొదలు కొట్టి నిమ్మతోటలు పెట్టుకున్న చోట ఆ దారి మూసుకుపోయింది. మిగిలిన చోట ఎర్రచందనం దొంగల కోసం వేసిన కాపలా చూసి, కట్టెల మోపుతో వచ్చే మనిషి కూడా భయపడుతోంది.

4. స్థానిక గైడ్లు, వాచర్లు. అడుగుల మట్టిపట్టీలు సవరించేది, రాత్రి కూత వినేది, కెమెరాల బ్యాటరీలు మార్చేది ఊరి మనుషులే. ప్రాజెక్టు డబ్బు ఉన్నన్నాళ్లే వారికి పని. అది ఆగగానే వారి నేర్పు కూలిపనిలో కలిసిపోతుంది. అడుగుల్ని చదవగలిగిన మనిషిని తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది, పోగొట్టుకోవడానికి ఒక ఆర్థిక సంవత్సరం చాలు.

ఒక మాట ఇక్కడే స్పష్టం చేయాలి. గని, శకునాల ఊళ్ల చుట్టూ 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు మా జిల్లాకు వచ్చింది. సౌర, పవన విద్యుత్తుకు నేను వ్యతిరేకిని కాను. మా ఇంటి బోరు ఆ కరెంటుతోనే ఆడవచ్చు. నా అభ్యంతరం ఒక్కటే: ఎక్కడ పెట్టాలో నిర్ణయించేటప్పుడు బంజరు అన్న మాట ఒక్కటే చూసి, ఆ నేల మీద ఏం నడుస్తుందో, ఏం మేస్తుందో చూడకపోవడం.

ఈ నేపథ్యంలో నా విన్నపాలు, నిజానికి డిమాండ్లు, ఇవి.

1. 2020 చివరలో మొదలైన భూముల రీసర్వేలో మెట్ట జిల్లాల గ్రామ రికార్డులకు రెండు కొత్త వర్గాలు చేర్చండి: సహజ గడ్డినేల, సహజ పొదనేల. అడంగల్‌లో ఈ పేరు ఎక్కిన భూమిని బంజరు భూముల పథకాల జాబితా నుంచి తొలగించండి. మిగతా డిమాండ్లు ఏవీ నెరవేరకపోయినా ఈ ఒక్కటి నెరవేరితే నా అర్జీలకు ఫలితం వచ్చినట్టే.

2. సహజ గడ్డినేలల్లో, పొదనేలల్లో కందకాలు తవ్వడం, మొక్కలు నాటడం వెంటనే ఆపండి. పచ్చదనం లక్ష్యాలు చేరుకోవడానికి రోడ్ల పక్కలు, కాలువ గట్లు, బడి ఆవరణలు చాలా ఉన్నాయి. ఇప్పటికే తవ్విన చోట కందకాలు పూడ్చి, సర్కారు కంపను వేళ్లతో సహా తీయించండి. ఆ పనిని ఉపాధి హామీ కింద ఊరివారికే ఇవ్వండి.

3. బట్టమేకకు, కలివికోడికి వేర్వేరు సంరక్షణ ప్రణాళికలు తెలుగులో రాయించి పంచాయతీ కార్యాలయాల్లో పెట్టండి. ఏ పక్షికి ఏ నేల కావాలి, ఎన్ని పొదలుండాలి, ఎప్పుడు మేపవచ్చు, ఎప్పుడు కూడదు అన్నది కాపరి చదివినా తెలిసేలా ఉండాలి.

4. కలివికోడి కోసం సేకరించిన సుమారు 3,000 ఎకరాల్లో ఇప్పుడు పొదల సాంద్రత ఎంత ఉందో కొలిపించి వెల్లడించండి. మితమైన మేతను, ఎండిన కట్టె సేకరణను నిషేధించకుండా, ఊరి కమిటీలతో కలిసి నియంత్రించండి. దాని కూత మళ్లీ వినిపించింది కాబట్టి ఇది వెంటనే జరగాలి. కూత వినిపించిన చోటును మాత్రం బయటపెట్టవద్దు; ఫోటోల కోసం వచ్చే వాహనాల తాకిడికి ఆ పొదలు తట్టుకోలేవు.

5. రోళ్లపాడు చుట్టూ వానపంటలు పండించే రైతుకు, ఆ పంటలే కొనసాగించినందుకు ఏటా ఎకరానికి ప్రోత్సాహకం ఇవ్వండి. జొన్న, కొర్రలను ప్రభుత్వమే కొనుగోలు చేసి వసతి గృహాల వంటశాలలకు పంపవచ్చు. రైతు ఇష్టపడి ముందుకొచ్చిన చోట వన్యప్రాణి చట్టంలోనే ఉన్న సామూహిక రిజర్వు పద్ధతిని వాడండి. సొంత భూమి అమ్ముకోనివ్వని కరేరా పద్ధతి మాకు వద్దు.

6. కృష్ణజింకల పంటనష్టానికి పరిహారం దరఖాస్తు చేసిన 30 రోజుల్లో రైతు ఖాతాలో పడాలి. ఆలస్యమైతే ఎందుకు ఆలస్యమైందో రాతపూర్వకంగా చెప్పాలి.

7. రోళ్లపాడు పరిసరాల్లో కొత్తగా వేసే విద్యుత్ లైన్లను భూగర్భం నుంచి తీసుకెళ్లండి. ఇప్పటికే ఉన్న లైన్లకు పక్షులకు కనిపించే బిళ్లలు కట్టించండి. బట్టమేకకు నేరుగా ముందున్నది సరిగా కనిపించదు, బరువు వల్ల చివరి క్షణంలో పక్కకు తిరగలేదు. పక్షి లేనప్పుడు ఇదంతా ఎందుకని అడగవచ్చు. రాజస్థాన్‌లో పెంచుతున్న పిల్లల్ని రేపు వాటి పాత ఆవాసాలకు పంపాలనుకున్నప్పుడు, సిద్ధంగా ఉన్న నేలనే ఎంచుకుంటారు.

8. అడుగులు చదవడం, కూతలు గుర్తించడం వచ్చిన స్థానికులను ఏడాది పొడవునా నెలజీతంతో నియమించండి.

మా ఊరి బీడు సర్వే నంబర్లు, తవ్వక ముందు, తవ్విన తరువాత తీసిన ఫోటోలు, మూడు అర్జీల రశీదులు నా దగ్గర ఉన్నాయి. ఏ అధికారి వచ్చినా స్వయంగా తీసుకెళ్లి చూపిస్తాను. తొలకరికి ముందే రావాలని కోరుతున్నాను. వాన పడితే కంప ఇంకా ఎత్తు పెరుగుతుంది, అప్పుడు కందకాల గట్లు కూడా కనబడవు. మరో విడత మొక్కల కోసం ఈ వేసవిలోనే పక్క ఊరి బీడుకు కొలతలు తీసుకున్నారని తెలిసింది. ఆ పని మొదలుకాకముందే రాతపూర్వకమైన జవాబు ఇవ్వండి.

ఇట్లు,
విధేయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
నంద్యాల జిల్లా